పేకముక్కలు పొయ్యిలో వేసిన బార్బరా

మా ఇంట్లో అందరం మెథడిస్టులమే, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ శాఖని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గురించి విన్నదంతా ఇంగ్లాండ్ కథే, గుర్రమెక్కి ఊరూరా తిరిగాడు, పొలాల్లో నిలబడి వాక్యం చెప్పాడు, అంతవరకే. ఐర్లాండ్ పేరు ఎవరూ ఎత్తలేదు, అది కేథలిక్కుల దేశం కదా మనకి సంబంధం ఏముంటుందిలే అని నేనూ అనుకునేదాన్ని. ఈమధ్య కూర్చుని చదువుతుంటే తెలిసిందేంటంటే న్యూయార్క్‌లో మెథడిజం మొదలుపెట్టింది వెస్లీ పంపిన బోధకులు కాదు, ఐర్లాండ్‌లో లిమరిక్ జిల్లా నుంచి ఓడెక్కి వెళ్లిన ఒక వడ్రంగి, ఆయన చుట్టం బార్బరా హెక్ అనే ఆవిడ. అప్పట్నుంచి వాళ్లని వదల్లేకపోతున్నా.

వాళ్లని అమెరికాలో ఐరిష్ వాళ్లనే అన్నారు, కానీ వాళ్ల ఇంటిపేర్లు చూస్తే ఎంబరీ, రకిల్, స్విట్జర్, టెస్కీ, ఒక్కటీ ఐరిష్ పేరులా ఉండదు. ఎందుకంటే వాళ్ల తాతముత్తాతలు జర్మనీలో రైన్ నది పక్కన పలాటినేట్ అనే ప్రాంతం వాళ్లు, అందుకే పలాటైన్లు అంటారు. ఫ్రెంచి సైన్యాలు మళ్లీ మళ్లీ వచ్చి ఊళ్లు తగలబెట్టడం, దానికితోడు 1709 మొదట్లో ప్రాణాలు తీసే చలి, ఇక అక్కడ బతకలేక వేలమంది నదిమీద రాటర్‌డామ్ దాకా వచ్చి అక్కడ్నించి లండన్ చేరారు, లండన్ బయట మైదానాల్లో డేరాల్లో ఉన్నారు. ఇంతమందిని ఏం చెయ్యాలో తెలీక ప్రభుత్వం సుమారు 3,000 మందిని ఐర్లాండ్‌కి పంపింది, ప్రొటెస్టెంట్లు కాబట్టి అక్కడ ప్రొటెస్టెంట్ల బలం పెరుగుతుందని ఒక లెక్క కూడా ఉందిలెండి. చాలామంది ఇమడలేక తిరిగి వెళ్లిపోయారు, లిమరిక్ జిల్లా రాత్‌కీల్ దగ్గర సౌత్‌వెల్ అనే భూస్వామి తక్కువ కౌలుకి భూమి ఇచ్చాడు కాబట్టి అక్కడివాళ్లు మాత్రం నిలబడ్డారు. కోర్ట్‌మేట్రిక్స్, కిల్లహీన్, బాలింగ్రేన్, ఇవీ వాళ్ల ఊళ్లు. చుట్టూ ఐరిష్ భాష, వీళ్ల ఇళ్లల్లో జర్మన్, అర్థమయ్యే భాషలో వాక్యం చెప్పే పాస్టర్ లేడు. అలా ఏళ్లు గడిచి తాగుడూ బూతులూ ఎక్కువైపోయాయని వెస్లీయే తర్వాత తన డైరీలో రాసుకున్నాడు.

వెస్లీ మొదటిసారి డబ్లిన్‌లో దిగింది 1747 ఆగస్టులో. ఆ తర్వాత 1789 దాకా, అంటే 86 ఏళ్ల వయసులో కూడా, మొత్తం 21 సార్లు ఐర్లాండ్ వచ్చాడు! నాకు నచ్చిన విషయం ఏంటంటే వచ్చిన మొదటి వారంలోనే ఇక్కడి జనంలో దాదాపు అందరూ తాతల కేథలిక్ మతంలోనే ఉండటంలో వింతేముంది, వాళ్లని మార్చడానికి ప్రొటెస్టెంట్లకి శిక్షల చట్టాలు తప్ప ఇంకో దారి దొరకలేదుగా అని రాశాడు. అధికారం తనవాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ మాట రాయడం చిన్న విషయం కాదు. అయినా మెథడిస్టులకి సుఖమేం లేదు, 1749లో కార్క్‌లో ఒక పాటలమ్ముకునేవాడు జనాన్ని రెచ్చగొట్టి ఇళ్లమీదకి తోలితే, అక్కడి గ్రాండ్ జ్యూరీ కొట్టినవాళ్లని వదిలేసి వెస్లీ తమ్ముడు చార్లెస్ వెస్లీనే దేశదిమ్మరి, శాంతిభంగం చేసేవాడు అని రాసి పెట్టింది. థామస్ వాల్ష్ అని లిమరిక్ జిల్లా కుర్రాడు, కేథలిక్ ఇంట్లో పుట్టినవాడు, సంతల్లో ఐరిష్‌లో వాక్యం చెప్పేవాడు, ముప్పై కూడా నిండకుండానే 1759లో పోయాడు. ఆయన గురించి ఇంకోసారి విడిగా రాయాలి.

సరే మళ్లీ మన పలాటైన్ల దగ్గరికి. మెథడిస్ట్ బోధ వాళ్లకి బాగా ఎక్కింది, ఊళ్లు మారిపోయాయి, ఫిలిప్ ఎంబరీ అనే వడ్రంగి అక్కడే మారుమనసు పొంది వాక్యం చెప్పడం మొదలుపెట్టాడు. కానీ అదే టైంలో పాత కౌళ్ల గడువు తీరి రేట్లు పెరిగాయి, ఒళ్లు వంచి పనిచేసినా పిల్లలకి తిండి పెట్టలేని పరిస్థితి. 1760లో కొంతమంది లిమరిక్‌లో ఓడెక్కి న్యూయార్క్ వెళ్లిపోయారు. వాళ్లలో ఎంబరీ ఉన్నాడు, ఆయన చుట్టం బార్బరా హెక్ ఉంది. రకిల్ ఆవిడ పుట్టింటి పేరు, బాలింగ్రేన్‌లో 1734లో పుట్టింది.

అక్కడికెళ్లాక ఆరేళ్లు ఎంబరీ నోరు విప్పలేదు. కొత్త దేశం, పని, పిల్లలు, ఆ బరువు నాకు అర్థమవుతుంది. 1766లో ఒకరోజు బార్బరా ఒకరి ఇంటికి వెళ్తే తనవాళ్లు కూర్చుని పేకాడుతున్నారట, మెథడిస్టులు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన కథ ఇది. ఆవిడ ఏమీ అనకుండా ముక్కలన్నీ ఏప్రన్‌లోకి లాగేసి పొయ్యిలో పోసింది. అటునుంచి నేరుగా ఎంబరీ ఇంటికి వెళ్లి నువ్వు మాకు వాక్యం చెప్పి తీరాలి, లేకపోతే మా రక్తానికి దేవుడు నిన్నే లెక్క అడుగుతాడు అంది. ఎక్కడ చెప్పను, ఎవరికి చెప్పను, చర్చీ లేదు సంఘమూ లేదు అన్నాడాయన. నీ ఇంట్లోనే చెప్పు, ఉన్నవాళ్లకే చెప్పు అని ఆవిడే వెళ్లి మనుషుల్ని పిలుచుకొచ్చింది. ఆరోజు విన్నది ఐదుగురు. అందులో ఒకావిడ బెట్టీ, నల్లజాతి పనిమనిషి. మిగతా అందరికీ ఇంటిపేరు ఉంది, ఆవిడకి మాత్రం బెట్టీ అన్న ఒక్క ముక్కే మిగిలింది, ఆ పేరు దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

రెండేళ్లకి 1768 అక్టోబర్ 30న న్యూయార్క్ జాన్ స్ట్రీట్‌లో చర్చి నిలబడింది, 60 అడుగుల పొడవు 42 అడుగుల వెడల్పు రాతి కట్టడం. పల్పిట్, అంటే ప్రసంగం చెప్పే వేదిక, ఎంబరీయే తన చేత్తో చేశాడు, మొదటి ప్రసంగమూ ఆయనే చెప్పాడు. ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లాండ్ అధికారిక చర్చి వాళ్లు, కానివాళ్లు మామూలు చర్చి కట్టకూడదని రూలు ఉండేది, అందుకని లోపల ఒక ఫైర్‌ప్లేసూ పైన పొగగొట్టమూ పెట్టి ఇల్లు అనిపించారు. చందాల లిస్టులో పెద్దింటివాళ్ల పేర్లతో పాటు బానిసల పేర్లూ ఉన్నాయి. బార్బరా గోడలకి సున్నం వేసిందట. మేరీలాండ్ వాళ్లు మాత్రం అమెరికాలో మెథడిజం మొదలుపెట్టడంలో మా రాబర్ట్ స్ట్రాబ్రిడ్జే ముందు అంటారు, ఆయన ఐర్లాండ్‌లో లీట్రిమ్ జిల్లా డ్రమ్స్‌నా నుంచి వెళ్లినవాడు. ఎవరు ముందైనా ఇద్దరూ ఐర్లాండ్ నుంచే కదా, నాకైతే ఆ గొడవ అనవసరం.

ఎంబరీ 1773లో చనిపోయాడు. తర్వాత అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధం వచ్చింది, హెక్ కుటుంబం బ్రిటిష్ రాజు పక్షం, అందుకని మళ్లీ ఇల్లూ వాకిలీ వదిలేసి కెనడా వెళ్లారు. వాళ్ల తాతలు ఒకసారి వదిలారు, వీళ్లు రెండుసార్లు. అక్కడ సెయింట్ లారెన్స్ నది దగ్గర మళ్లీ ఒక చిన్న గుంపుని పోగేశారు. 1804లో బార్బరా కుర్చీలో కూర్చునే కన్నుమూసింది, ఒళ్లో బైబిల్ తెరిచి ఉంది, లిమరిక్‌లో పుట్టి న్యూయార్క్‌లో కాపురం చేసి కెనడాలో పోయిన ఆ డెబ్బై ఏళ్ల మనిషి చివరిదాకా చదువుకున్నది జర్మన్ బైబిల్.