నిలబడ్డ విమానానికి ఎగిరే రెక్కలు

పడుకుని మళ్లీ లేచాను. ఆ రెక్క గురించి రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

చిన్నది హోంవర్కు ముగించి బల్ల ఖాళీ చేశాక స్కైహాక్ కిట్టు తెరిచాను. అమెరికా నౌకాదళపు జెట్టు అది, ప్లాస్టిక్ ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మ. 1/72 స్కేలు, అంటే అసలు దానిలో డెబ్బై రెండో వంతు. కొత్త అచ్చు. మూత తీయగానే ముచ్చటేసింది. కాక్‌పిట్‌లో మీటర్లు దేనికది విడిగా కనిపిస్తున్నాయి. తోక మీద అటూ ఇటూ తిరిగే పలక, రడ్డర్ మీద బద్దలు పైకి తేలి ఉన్నాయి. అసలు విమానంలో రేకు మధ్యలో ఉండి బద్దలు బయటికి ఉంటాయి, దాన్ని కూడా వదల్లేదు. ఒళ్లంతా రివెట్లు, రేకులు బిగించే మేకుల గుంతలు. ఆ తర్వాత రెక్క చేతిలోకి తీసుకున్నాను. ముందంచున ఉండే స్లాట్లని, అంటే ముందుకి జారే సన్నటి పలకల్ని, రెక్కతో కలిపి పోత పోసేశారు. మూసేసి. విడి ముక్కలేమైనా ఇచ్చారేమోనని ముక్కలు అతుక్కుని వచ్చే చట్రాలు, స్ప్రూలన్నీ తిరగేశాను. లేవు.

"మూసి ఉంటే ఏమవుతుంది?" అన్నారు మా ఆయన, పుస్తకంలోంచి తలెత్తి.

ఏమవుతుందంటే, స్కైహాక్ స్లాట్లకి మోటారు లేదు, నూనె ఒత్తిడితో కదిపే హైడ్రాలిక్స్ లేవు. పట్టాల మీద జారతాయి, అంతే. విమానం వేగంగా పోతున్నప్పుడు గాలి ఒత్తిడికి రెక్కలోకి ముడుచుకుంటాయి. వేగం తగ్గితే వాటంతట అవే బయటికొస్తాయి. విమానవాహక నౌక డెక్ మీద ఆగి ఉన్నప్పుడు నొక్కిపెట్టే గాలి ఉండదు కాబట్టి తమ బరువుకి తామే కిందికి జారి వేలాడతాయి. ఆగి ఉన్న స్కైహాక్ ఫోటోలు చూడండి, ముందంచు దిగిపోయి ఉంటుంది. పైన బూడిద, కింద తెలుపు వేసిన రోజుల ఫోటో అయితే స్లాటు వెనక సందులో ఎర్ర రంగు కూడా తొంగిచూస్తుంది. ఆ ఎరుపు కోసమే ఈ విమానం కట్టాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నాను, మీకు తెలుసు.

ఇప్పుడీ కిట్టు సంగతి. చక్రాలు దిగి ఉన్నాయి. పైలట్ మీది అద్దాల మూత, కనోపీ తెరిచి పెట్టమన్నారు. పైలట్ ఎక్కే నిచ్చెన ఇచ్చారు. రెక్కలు మాత్రం గాలిలో దూసుకుపోతున్నాయి!

ఇంత పట్టించుకోవడం ఆ రివెట్ల వల్లే. స్లాట్లని విడిగా ఇవ్వాలంటే అచ్చులో ఇంకా చోటు కావాలి, ముక్కలు పెరుగుతాయి, అవి సరిగ్గా కూర్చోకపోతే కొత్తగా కట్టేవాళ్లు ఇబ్బంది పడతారు. ఆ లెక్క నాకు అర్థమవుతుంది. పొదుపు కోసం చేశామంటే ఊరుకునేదాన్నే. కానీ పొదుపు ఎక్కడుంది? రెక్క నిండా గీతలు, గుంతలు. రెండు రేకులు కలిసే చోట చెక్కే ప్యానెల్ గీత 0.2 మిల్లీమీటర్ల వెడల్పు ఉందనుకోండి, 72తో గుణిస్తే 14.4 మిల్లీమీటర్లు. అసలు విమానం మీద చిటికెన వేలు దూరేంత సందన్నమాట. అలాంటి సందులతో ఏ జెట్టూ ఎగరదు. ఈ స్కేల్లో ఎంత సన్నగా చెక్కినా నిజం కాలేని వాటి మీద అంత శ్రమ పెట్టి, గది అవతలి నుంచి చూసినా కనిపించే స్లాటుని వదిలేశారు. డీటెయిల్ అంటే గుంతల సంఖ్య అయిపోయింది. ప్రకటనల్లో కూడా అదే మాట, అదే ఫోటో, రెక్క మీదకి వంగి తీసిన క్లోజప్.

నాన్న ఉంటే ఏమనేవారో తెలుసు. అన్నయ్య కట్టిన ఫాంటమ్ యుద్ధవిమానం దగ్గర అన్నదే అనేవారు.

అన్నయ్య దాన్ని సెలవులంతా కూర్చుని కట్టాడు. రెక్కల చివర్లు పైకి మడిచాడు. తోక కింద హుక్ దించాడు, దాని మీద నలుపు తెలుపు చారలు వాడే చేత్తో వేశాడు. నాన్నకి విమానాల గురించి ఏమీ తెలియదు. ఆయనది బొమ్మలు గీసే చెయ్యి, ఏది చూసినా గీయడానికే అన్నట్టు చూసేవారు. ఫాంటమ్‌ని అన్ని వైపుల నుంచీ చూసి, "ఈ కొక్కెం ఎందుకురా?" అన్నారు.

"డెక్ మీద దిగేటప్పుడు అడ్డంగా కట్టిన తీగని పట్టుకోడానికి."

"రెక్కలు మడవడం ఎందుకు?"

"దిగాక చోటు సరిపోదు కదా నాన్నా."

"అయితే ఇది దిగుతోందా, దిగేసిందా?"

అన్నయ్య అలిగి లేచిపోయాడు. నాన్న వదల్లేదు. సాయంత్రం వాణ్ణి పిలిచి, భూతద్దం తెచ్చి, వాడి దగ్గరున్న ఫోటోలన్నీ ముందు పెట్టుకున్నారు. ఇన్‌స్ట్రక్షన్ షీటు వెనక వరసగా చిన్న చిన్న బొమ్మలు గీశారు. చక్రాలూ హుకూ దించి వస్తున్న విమానం. తీగ పట్టుకున్న విమానం. తీగ వదిలి హుక్ పైకి తీసుకున్న విమానం. పక్కకి కదులుతూ రెక్కలు మడుచుకుంటున్న విమానం. ఒక్కో బొమ్మ కింద ఏది పైకి, ఏది కిందికి అని రాయించారు. నేను పక్కన కూర్చుని పెన్సిళ్లు చెక్కి ఇచ్చాను. చివరికి అన్నయ్యే హుక్ ఊడదీసి పైకి అతికించాడు. చారలు ఒక పక్క దాగిపోయాయి. ఆ కాగితం ఇప్పటికీ వాడి దగ్గరే ఉంది, నాకివ్వడు.

అప్పటి నుంచీ నాకు ఏ కిట్టు చూసినా కొలతల కంటే ముందు ఆ ప్రశ్నే వస్తుంది. టామ్‌క్యాట్ యుద్ధవిమానం రెక్కలు ఎగిరేటప్పుడు 20 నుంచి 68 డిగ్రీల మధ్య వెనక్కీ ముందుకీ కదులుతాయి. 75 డిగ్రీలకి లాగేది డెక్ మీద చోటు కోసమే. రెక్కల్ని 75లో పెట్టి స్టాండు మీద గాల్లో ఎగరేస్తే, పొడవు వెడల్పులు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉన్నా సరే, ఆ బొమ్మ అబద్ధం చెబుతున్నట్టే. సీ హారియర్ అనే ఇంకో నౌకాదళ జెట్టు ఇంజన్ గాలి ద్వారాల చుట్టూ ఒక్కో పక్క ఎనిమిదేసి చిన్న తలుపులుంటాయి. ఇంజన్ ఆగితే పై తలుపులు వాటి బరువుకి లోపలికి వాలిపోతాయి, కింది తలుపులు మూసుకునే ఉంటాయి. అన్నీ మూసి ఉన్నా, అన్నీ తెరిచి ఉన్నా ఆగిన విమానం కాదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఒక సంగతి గుర్తొచ్చింది.

అమెరికా నౌకాదళపు విన్యాసాల జట్టు బ్లూ ఏంజెల్స్ దళం 1974 నుంచి 1986 వరకు స్కైహాక్‌లే నడిపింది. రెక్కకి రెక్క దగ్గరగా విన్యాసాలు చేస్తున్నప్పుడు ఒక పక్క స్లాటు ముందుగా, రెండోది ఆలస్యంగా తెరుచుకుంటే ప్రమాదం. అందుకని ఆ విమానాల్లో స్లాట్లని కదలకుండా బోల్టులు బిగించి మూసేశారు. అంటే ఇదే రెక్కకి నీలం రంగు వేసి, వీపు మీది మూపురం అతికించకుండా వదిలేస్తే, నేల మీద చక్రాలతో నిలబెట్టినా అక్షరాలా నిజం. ఇంతసేపూ రెక్క తప్పు అంటూ వచ్చాను కానీ రెక్కలో తప్పేమీ లేదు. దాని చుట్టూ ఇచ్చిన మిగతావి దానికి పొసగడం లేదు, అంతే. కోపం సగం తగ్గింది.

పోనీ చక్రాలు ముడిచి ఎగరేద్దామా అని కూడా చూశాను. స్కైహాక్ కాళ్లు ముందుకి ముడుచుకుంటాయి. హైడ్రాలిక్స్ పోయినా బరువుకి కిందికి జారి, ఎదురుగాలికి వెనక్కి వెళ్లి బిగుసుకునేలా అలా పెట్టారు. ఈ విమానంలో ఎంతెంత పనిని బరువుకీ గాలికీ వదిలేశారో! కానీ కిట్టులో తలుపులు తెరిచి పెట్టడానికే చేసినవి, మూస్తే అంచులు కలవవు. పైలట్ బొమ్మ కూడా లేదు.

అయినా నాకు నీలం వద్దు, స్టాండూ వద్దు. ఆ పొడుగు కాళ్ల మీద ముక్కు పైకెత్తి నిలబడే తీరు నాకిష్టం. అది ఈ కిట్టులో చక్కగా కుదిరింది, ఇందాక కాళ్లని టేపుతో ఆనించి చూశాను కూడా. దానికి బూడిద, తెలుపు, సందులో ఎరుపు.

కాబట్టి కోతే. రెక్క పై ముక్క, కింది ముక్క అతికించకముందే స్లాటు గీత వెంట గీతలు చెక్కే సూది, స్క్రైబర్‌తో లోతు చేసుకుంటూ పోవాలి, రంపం పెడితే అంచు పోతుంది. స్లాటు ఊడి వచ్చాక వెనక మిగిలే ఖాళీలో రెక్కకి కొత్తగా గుండ్రటి ముందంచు కట్టాలి. అరమిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు దానికి వంగుతుందో విరుగుతుందో ముందు వేరే దాని మీద చూడాలి. విడిభాగాల డబ్బాలో పాత స్కైహాక్ రెక్క ఒకటి ఉండాలి, చిన్నది పట్టుకుపోకపోతే.