పది నంబరు పానాతో మొదలైన పని

ఆరేళ్ల క్రితం జులై నెలలో ఒక ఉదయం, రాత్రంతా వాన కురిసి తెరిపి ఇచ్చిన వేళ, అమ్మాయిని కళాశాలకు దింపడానికి కారు తాళం తిప్పితే ‘టక్’ మని ఒక్క శబ్దం వచ్చి ఊరుకుంది. మాది 2011లో కొన్న వ్యాగన్ఆర్. మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. అంతవరకు నన్ను దారిలో ఒక్కసారి కూడా నిలబెట్టని బండి. డ్యాష్‌బోర్డు దీపాలన్నీ వెలిగాయి, హారన్ మోగింది, ఇంజిన్ మాత్రం తిరగలేదు. ఫోన్ చేస్తే షెడ్డు నుంచి వచ్చిన కుర్రవాడు తాళం రెండుసార్లు తిప్పి చూసి, “బ్యాటరీ పోయింది సార్, కొత్తది వేసేద్దాం” అన్నాడు. ఆ బ్యాటరీ వేయించి అప్పటికి రెండేళ్లే అయింది కాబట్టి నాకు మనసొప్పలేదు. సాయంత్రం చెబుతానని పంపించి, పక్కింటి పెద్దాయన సలహా అడిగాను. ఆయన ఉక్కు కర్మాగారంలో ఎలక్ట్రికల్ విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు.

ఆయన బానెట్ ఎత్తగానే బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద వేలు పెట్టి చూపించారు. ఉప్పు గడ్డకట్టినట్టు తెల్లగా, అంచుల్లో కొంచెం నీలిపచ్చగా, తీగను బ్యాటరీకి పట్టి ఉంచే క్లాంపు ఆకారమే కనబడనంతగా పొడి పేరుకుంది. బ్యాటరీ నుంచి వెలువడే ఆమ్లపు ఆవిరి అక్కడి లోహంతో కలిసి ఆ పొడిని పుట్టిస్తుంది. మా విశాఖపట్నంలాంటి సముద్రతీరపు ఊళ్లలో గాలిలోని తేమ, ఉప్పు దానికి తోడవుతాయి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ తెచ్చి ముందు బ్యాటరీ రెండు సీసపు స్తంభాల మధ్య చూశారు: 12.5 వోల్టులు. ఆరు గదులూ నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు 12.6 వరకు చూపిస్తుంది కనుక అది ఆరోగ్యంగా ఉన్నట్టే. తరువాత మీటరు తీగల చివర ఉండే రెండు ముళ్లలో ఒక ముల్లును సీసపు స్తంభం మీద, రెండో ముల్లును దానిని పట్టుకున్న క్లాంపు మీద పెట్టి, అమ్మాయిని తాళం తిప్పమన్నారు. రెండూ ఒకదానినొకటి అంటుకొనే ఉన్నాయి, వాటి మధ్య మీటరు సున్నాకు దగ్గరగా ఉండాలి. కానీ అది 1.8 చూపించింది. “బ్యాటరీలో సత్తువ ఉంది బాబూ, దారే మూసుకుపోయింది” అన్నారాయన.

ఆ ఒక్క మాటలో ఎంత లెక్క ఉన్నదో నాకు తరువాత కాగితం మీద వేసుకున్నాక తెలిసింది. స్టార్టర్ మోటారు ఇంజిన్‌ను తిప్పేటప్పుడు నూరు ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఆ పొడి కలిగించిన నిరోధం ఓములో నూటికి రెండు వంతులు, అంటే 0.02 ఓములు అనుకున్నా, నూరు ఆంపియర్ల దగ్గర రెండు వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. అదే ఒక హెడ్‌లైటు బల్బు తీసుకొనేది ఇంచుమించు ఐదు ఆంపియర్లు. దానికి అదే నిరోధం వల్ల పోయేది ఒక వోల్టులో పదో వంతు మాత్రమే కాబట్టి దీపం మామూలుగానే వెలుగుతుంది. దీపాలు వెలిగి స్టార్టర్ తిరగకపోతే తప్పంతా బ్యాటరీదేనని తేల్చడం ఎందుకు తొందరపాటో ఈ లెక్క చెబుతుంది. ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టడం లేదు. అతని చేతిలో మీటరు లేదు, నిమిషాల్లో తేల్చి మరో బండి దగ్గరకు పరుగెత్తవలసిన ఉద్యోగం అతనిది. కానీ ఇంటి దగ్గర ఉన్న మనకు ఆ తొందర లేదు.

పని పావుగంటలో అయింది. పది నంబరు పానాతో ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ విప్పాలి. బిగించేటప్పుడు ముందు పాజిటివ్, చివరికి నెగటివ్. కారు శరీరమంతా నెగటివ్‌కే కలిసి ఉంటుంది కాబట్టి, నెగటివ్ విప్పకుండా పాజిటివ్ మీద పానా తిప్పుతున్నప్పుడు అది పొరపాటున పక్కనున్న ఇనుముకు తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. బ్యాటరీ నుంచి నిప్పుకు అంటుకొనే హైడ్రోజన్ వాయువు కూడా వెలువడుతుందన్న సంగతి మరవకూడదు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వంట సోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే ఆ పొడి బుసబుస పొంగి కరిగిపోయింది. బ్యాటరీ మూతలు బిగుతుగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి, సోడా నీళ్లు లోపలికి దిగితే ఆమ్లం చెడిపోతుంది. మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో స్తంభాన్ని, క్లాంపు లోపలి వంపును సీసం మెరిసేదాకా గీకి బిగించాము. పైన కొద్దిగా వాసలీన్ రాశాము. మళ్లీ కొలిస్తే మీటరు 0.1కి లోపే ఆగింది, ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుంది.

ఆనాటి నుంచి నేను నెలకొక ఆదివారం ఉదయాన్ని కారుకు కేటాయిస్తున్నాను. డబ్బు మిగులుతుంది, నిజమే. అంతకంటే నా బండి ఏ స్థితిలో ఉన్నదో నాకు స్వయంగా తెలియడం నాకు ముఖ్యం. ఒకసారి షెడ్డులో ఎయిర్ ఫిల్టర్ మార్చినట్టు బిల్లు వేశారు. ఇంటికి వచ్చి నాలుగు క్లిప్పులు విప్పి చూస్తే మడతల మధ్య ఎర్రమట్టి, ఎండిన చిన్న ఆకు ఒకటి కనిపించాయి. ఇప్పుడు ఆ ఫిల్టర్ నేనే మారుస్తాను, దాని అంచు మీద మార్కర్‌తో తేదీ, ఓడోమీటర్ అంకె రాస్తాను.

ఇంజిన్ ఆయిల్ మార్చడం ఇంటి పనుల్లో పెద్దది, శ్రద్ధ కోరేది. ఇంజిన్‌ను కొద్ది నిమిషాలు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా, చేతికి ఓర్చుకొనేంత వేడిలో ఉన్నప్పుడు దించాలి. చల్లగా ఉంటే చిక్కగా ఉండి మురికితోపాటు అడుగున నిలిచిపోతుంది, మరీ వేడిగా ఉంటే చర్మం కాలుతుంది. ముందు పైన పోసే మూత తెరిచి, తరువాత కింద డ్రెయిన్ బోల్టు విప్పాలి. బోల్టుకు ఉండే వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి. బిగించేటప్పుడు బలమంతా చూపకూడదు, ఆయిల్ పాత్ర అల్యూమినియంది అయితే మరలు ఒక్కసారి అరిగాయంటే మిగిల్చిన డబ్బంతా అక్కడే ఖర్చైపోతుంది. ఆయిల్ ఫిల్టర్ విప్పగానే దాని రబ్బరు వలయం ఫిల్టర్‌తోనే వచ్చిందా, ఇంజిన్‌కే అంటుకొని ఉండిపోయిందా అని వేలితో తడిమి చూడడం నా అలవాటు. పాత వలయం మీద కొత్తది ఎక్కితే ఇంజిన్ నడవగానే ఆయిల్ అంతా కారిపోతుంది. కొత్త వలయానికి కొంచెం తాజా ఆయిల్ రాసి, చేత్తో తగిలేదాకా తిప్పి, ఆపైన మరో ముప్పావు చుట్టు బిగిస్తే చాలు, పానా అవసరం లేదు. డబ్బా మీద 5డబ్ల్యు-30 అని ఉంటే మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత పలచగా పారుతుందో, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో తెలుపుతుంది. మన ఎండలకు చిక్కటిదే మంచిదని అడ్డదిడ్డంగా మార్చకుండా కంపెనీ పుస్తకంలో రాసినదే పోయాలి. దించిన నల్లటి ఆయిల్‌ను కాలువలో పోయడం నేను చూడలేను. పాత డబ్బాలోనే పట్టి, వాడిన ఆయిల్‌ను పీపాలో సేకరించే షెడ్డుకు ఇచ్చి వస్తాను.

కారు కిందికి వెళ్లే ఏ పనికైనా ఒక మాట గట్టిగా చెప్పాలి. డిక్కీలో ఇచ్చే జాకీ చక్రం మార్చుకోవడానికి మాత్రమే. దాని మీద నిలిపిన బండి కిందికి మనిషి దూరకూడదు. మా వీధిలో ఇటుకలు పేర్చి, సిమెంటు దిమ్మెలు పెట్టి కిందికి దూరేవాళ్లను చూశాను. సిమెంటు దిమ్మె ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతుంది. చదునైన గట్టి నేల, ఎత్తని చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు, కంపెనీ చూపిన చోట నిలబెట్టిన రెండు ఇనుప స్టాండ్లు, ఇవి లేకుంటే ఆ పని ఆ రోజుకు మానుకోవడమే సరి.

ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ విషయంలో చెప్పేది కొద్దిగానే ఉంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకూడదు, లోపల ఒత్తిడి మీద ఉన్న నీరు మూత వదులవగానే మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. బోరు నీళ్లు పోస్తే గిన్నెలకు పట్టినట్టే లోపల సున్నపు పొర కడుతుంది కాబట్టి కూలెంట్‌ను డిస్టిల్డ్ నీళ్లతోనే కలపాలి.

బ్రేకుల దగ్గర నేను చూడడం వరకే ఆగుతాను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొనే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. నీరు పట్టాక ఆ హద్దు 155 డిగ్రీల దాకా దిగజారవచ్చు. సింహాచలం కొండ దిగుతూ పదేపదే బ్రేకు తొక్కేటప్పుడు ఆ ద్రవం మరిగి ఆవిరి బుడగలు పుడితే, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, బండి ఆగదు. అందుకే పైకి రంగు బాగున్నా రెండేళ్లకొకసారి మార్పించాలి. బ్రేక్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గితే వెంటనే పోసి నింపడం కూడా సరికాదు. చక్రాన్ని ఆపే బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ వాటిని నొక్కే పిస్టన్లు ముందుకు వచ్చి ఆ ఖాళీలోకి ద్రవం చేరుతుంది కనుక, తగ్గిన మట్టం ముందు ప్యాడ్లు చూడమని చెబుతున్నట్టు లెక్క. ఎక్కడా కారకపోతే, ప్యాడ్లు మార్చినప్పుడు అదే పైకి వస్తుంది. బ్రేకు గొట్టాలు విప్పడం, గాలి తీయడం, ఎయిర్‌బ్యాగు తీగలు, ఏసీ గ్యాసు, ఇవి శిక్షణ పొందినవారి చేతి పనులు. వాటికి నేను మంచి మెకానిక్ దగ్గరకే వెళతాను, అడిగిన కూలి ఇస్తాను.

ఆ జులై నాటి బ్యాటరీ మరో ఇరవైరెండు నెలలు పనిచేసింది. మే నెలలో ఒక ఉదయం స్టార్టర్ బద్ధకంగా మూలిగింది. టెర్మినళ్లు శుభ్రంగానే ఉన్నాయి. ఆ రాత్రంతా ఛార్జర్ మీద ఉంచినా మర్నాడు విశ్రాంతి వోల్టేజీ 11.9 దాటలేదు, తాళం తిప్పుతుంటే 9 కంటే కిందికి జారింది. పక్కింటి పెద్దాయనను పిలిచి మీటరు చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకొని అంకె చదివి, “ఇప్పుడు నిజంగానే పోయింది బాబూ” అన్నారు. ఆ పూటే వెళ్లి కొత్తది తెచ్చి, పది నంబరు పానాతో నేనే బిగించాను.