గుమ్మడికాయల దొంగ భుజాలు

హాలోవీన్ రాత్రి పిల్లలిద్దరూ తెచ్చుకున్న చాక్లెట్లు రెండు గిన్నెల్లో పోసి అల్మారాలో పెట్టాను. మర్నాడు సాయంత్రానికి పాప గిన్నె సగం ఖాళీ. "ఎవరు తీశార్రా?" అని అలా అడిగానో లేదో, ఏడేళ్ల మావాడు "నా బ్యాగులో ఏం లేవు" అన్నాడు. బ్యాగు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆర్నెల్లు ఉందామని తెనాలి నుంచి డాలస్ వచ్చిన మా అమ్మ, చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తలెత్తకుండానే అంది: "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట."

పాప గుమ్మం ముందున్న నారింజ రంగు గుమ్మడికాయ వైపు చూసింది. "అమ్మమ్మా, అది ఎత్తుకెళ్తే భుజాలెందుకు చూసుకోవడం?"

నేను ఇంగ్లీషులో వివరించబోయాను. ఎంత చెప్పినా నవ్వు రాలేదు. వాళ్లకి తెలిసిన గుమ్మడికాయ వేరు, సామెతలోది వేరు. అది బూడిద గుమ్మడి. ముదిరిన కాయ ఒళ్లంతా సున్నం చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది. భుజాన వేసుకుంటే చొక్కాకి అంటుకుంటుంది. కాయ దాచెయ్యొచ్చు, ఆ పొడి మాత్రం పట్టిస్తుంది.

శనివారం పిల్లల్ని చైనా వాళ్ల సూపర్ మార్కెట్‌కి తీసుకెళ్లాను. అక్కడ దాని పేరు వింటర్ మెలన్. ఒక కాయ ఎత్తి మావాడి నీలం స్వెట్టర్ భుజానికి ఆనించాను. తీసి చూస్తే అరచేయంత తెల్ల మరక. వాడు గబగబా దులిపాడు. అది ఇంకాస్త పాకింది. పాప పకపకా నవ్వింది, వాడూ నవ్వాడు. కాసేపటికి నా చెయ్యి పట్టుకుని, "నేనే తీశాను. తినలేదు, బస్సులో ఫ్రెండ్స్‌కి ఇచ్చా" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ వాణ్ణి దగ్గరికి లాక్కుంది. "అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడన్నమాట!"

ఇక్కడి బడిలో టీచర్లు చాలా ఓపికమంతులు. తప్పు చేసిన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకలా చేశావు, అవతలి వాళ్లకి ఎలా ఉంటుంది అని నెమ్మదిగా అడుగుతారు. నాకు నచ్చుతుంది. కానీ ఆ మాటలన్నీ ఆ పిల్లవాడి చుట్టూనే తిరుగుతాయి. సామెతలో వాడి పేరు రాదు. ఎప్పటి దొంగో, ఎవరింటి అల్లుడో ఉంటాడు. వాణ్ణి చూసి నవ్వుతూ నవ్వుతూ ఉండగా తన మొహం కనబడుతుంది. అమ్మ నన్నూ ఇలాగే దిద్దింది. అబద్ధాలకోరు అని ఒక్కనాడూ అన్లేదు. గుణింతాలు ఆలస్యంగా వచ్చినా ఫర్లేదు, ఈ మాటలు మాత్రం నా పిల్లలకి అందాలి.

అన్నిటికీ ఇంత శ్రమ అక్కర్లేదు. 'తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు' చెప్పగానే ఎక్కింది, మా పెరట్లో రోజూ కుందేళ్లు తిరుగుతాయి. 'ఆడలేక మద్దెల ఓడు' దగ్గర కొంచెం ఆగాం. కూచిపూడి క్లాసులో మృదంగం చూస్తుంది కాబట్టి మద్దెల పాపకి తెలిసింది, 'ఓడు' తెలియలేదు. మంచి కప్పునీ బీటవారిన కప్పునీ పక్కపక్కన పెట్టి స్పూనుతో కొట్టి వినిపించాను. ఒకటి ఖంగుమంది, రెండోది బొంగురుగా మోగింది. నెల తర్వాత మావారు బ్యాడ్మింటన్‌లో ఓడిపోయి రాకెట్ తీగలు వదులయ్యాయన్నారు. "ఆడలేక మద్దెల ఓడు, నాన్నా!" అంది పాప. ఆయన నవ్వేసి, ఇంకో ఆట ఆడదాం రమ్మన్నారు.

అమ్మ మార్చి నెలాఖర్లో వెళ్లిపోయింది. మాకు రాత్రి 8 గంటలైతే తెనాలిలో పొద్దున 6:30. అప్పుడే ఫోన్ చేస్తాం. "ఏరా, ఇవాళ ఏం చేశావు?" అని అమ్మ అడగగానే మావాడు ముందు రెండు భుజాలూ కెమెరాకి చూపిస్తాడు.