మా స్విచ్‌లో ఇంకా మార్చి నెలే

జీడిమెట్లలోని మా ఫ్యాక్టరీలో నెట్‌వర్క్ చూసేది నేనూ, ఇంకో కుర్రాడూ. ఆగస్టులో ఓ రాత్రి గోడౌన్ లింక్ పోయి, కాసేపటికి దానంతటదే వచ్చింది. పొద్దున్నే మేనేజర్ గారు, "ఎన్నింటికి పోయిందండీ?" అన్నారు. నెట్‌వర్క్ కేబుళ్లన్నీ కలిసే మెయిన్ స్విచ్‌లో, ఎప్పుడేం జరిగిందో రాసుకునే లాగ్ తీస్తే 'మార్చి 19' అని ఉంది.

ఆ మోడల్‌లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు పోయి వస్తే 1993 మార్చి 1 నుంచి లెక్క మొదలెడుతుంది. కొత్త యూపీఎస్ బ్యాటరీలు వేయడానికి కరెంటు తీసి అప్పటికి 18 రోజులు. లాగ్‌లో ప్రతి లైను ముందూ చిన్న నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, 'ఈ టైమ్‌ని నమ్మొద్దు' అని. మూడేళ్లుగా దాన్ని అలంకారం అనుకున్నాను!

స్విచ్ టైమ్‌కీ నా ఫోన్ టైమ్‌కీ తేడా కట్టి, లింక్ పోయింది 2:40కి అని తేల్చాను. గేటు కెమెరా రికార్డింగ్‌లో గోడౌన్ లైట్లు ఆరింది మాత్రం 5:10కి. "అది మూడు గంటలు అటూ ఇటూ ఉంటది సార్" అన్నాడు సెక్యూరిటీ సూపర్‌వైజర్. కరెంటు ట్రిప్పయిందని నేనూ, నెట్‌వర్కే పోయిందని ఎలక్ట్రికల్ వాళ్లూ సగం రోజు వాదించుకున్నాం.

ఆ సాయంత్రమే ఎన్‌టీపీ, అంటే నెట్‌వర్క్ మీదుగా గడియారాలు సరిచేసుకునే పద్ధతి, పెట్టడానికి కూర్చున్నా. ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ లేదా ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ (ఎన్‌పీఎల్) టైమ్ సర్వర్లతో కలుపుకోవాలని కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లోనే చెప్పింది. మెయిన్ స్విచ్‌ని అటు తిప్పి, మిగతావన్నీ మెయిన్ స్విచ్‌ని అడిగేలా పెట్టాను. రెండు గంటలైనా 'స్ట్రాటమ్ 16' దగ్గరే ఉంది, అంటే సింక్ కాలేదని. చివరికి బయటి రాకపోకల్ని కాపలా కాసే ఫైర్‌వాల్ చూస్తే ఎన్‌టీపీ వాడే 123 పోర్టు తెరిచే ఉంది, కానీ టీసీపీ అనే రవాణా పద్ధతికి. ఎన్‌టీపీ నడిచేది యూడీపీ అనే ఇంకో పద్ధతి మీద. తెరిపించింది నేనే, ఎవర్నంటాం?

అది మార్చాక, సర్వర్ జవాబులు ఎన్ని అందాయో చూపే 'రీచ్' అంకె 1, 3, 7, 17, 37 అంటూ కదిలింది. అది 0 నుంచి 7 వరకు అంకెలతోనే నడిచే ఆక్టల్ లెక్క కాబట్టి 377కి వస్తే వరసగా ఎనిమిది జవాబులు అందినట్టు. అరవై నాలుగు సెకన్లకోసారి అడుగుతుంది కనుక టీ తాగి వచ్చేసరికి నిండింది. సర్వర్ పేరు పక్కన మళ్లీ నక్షత్రం గుర్తు. ఇక్కడ మాత్రం అది శుభవార్త, సింక్ అయిందని.

టైమ్‌జోన్ దగ్గర కుర్రాడు 5 కొట్టి, పక్కన 30 మరిచిపోయాడు. ఇంకేముంది, ఫ్యాక్టరీ నెట్‌వర్క్ మొత్తం అరగంట వెనక! అది సరిచేసి కెమెరా రికార్డర్ తెరిస్తే జీఎంటీ+8లో ఉంది. మనకంటే సరిగ్గా రెండున్నర గంటలు ముందు. 5:10లోంచి అది తీసేస్తే 2:40. ఆ స్క్రీన్‌ని ఫొటో తీసి ఎలక్ట్రికల్ గ్రూపులో పడేశాను.

కంట్రోల్ రూమ్ గోడ గడియారం ఇప్పటికీ నాలుగు నిమిషాలు ముందే. దాన్ని ముట్టుకోనివ్వరు, షిఫ్ట్ బస్సు తప్పిపోతుందట.