మేయోలో చూసిన పెద్ద రాట్నం

పశ్చిమ ఐర్లండ్‌లోని మేయో కౌంటీలో, కాసిల్‌బార్ దగ్గర 2001లో ప్రారంభమైన గ్రామీణ జీవన మ్యూజియాన్ని ఇటీవల చూశాను. ఉన్ని వడికే పెద్ద రాట్నం గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను. దాని ముందు కూర్చుని వడకరు. స్త్రీలు నిలబడి, ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో ఏకును సాగదీస్తూ వెనక్కి నడిచి, పురి ఎక్కిన నూలును కదురుకు చుట్టడానికి మళ్లీ ముందుకు వచ్చేవారు. ఇంటి పనులన్నీ ముగిశాక సాగిన ఈ నడకను ఎవరూ కూలిగా లెక్కకట్టి ఉండరు.

రంగుల కోసం బండలపై పొరలా పెరిగే లైకెన్ అనే నాచులాంటి జీవిని గీరి తెచ్చి, ఉన్నితో కలిపి ఉడికించేవారు. నిలవ చేసిన మూత్రాన్ని కూడా వాడేవారు; కొందరికి ఏవగింపు కలగవచ్చు గానీ, అందులోని అమ్మోనియా ఉన్ని జిడ్డును చక్కగా వదిలిస్తుంది.

మగ్గం మాత్రం ఎక్కువగా పురుషులది. పశ్చిమ ఐర్లండ్‌లోని పేద ప్రాంతాల అభివృద్ధి కోసం 1891లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ కంజెస్టెడ్ డిస్ట్రిక్ట్స్ బోర్డు, వాయవ్యాన ఉన్న డోనెగాల్ కౌంటీలో ఇంటి నేత బట్టకు నాణ్యత పరీక్షలు పెట్టి, మంచి బట్టకు ముద్ర వేయించింది. ఆ ముద్రలో నేతగాడి పనితనానికి దక్కిన గుర్తింపు, నూలు వడికిన ఇల్లాలికి అంతగా దక్కలేదని నాకు అనిపించింది.