ఉస్కాన్ వేయించిన మెట్లు

మే నెల ఎండకు భయపడి ఉదయం ఆరు గంటలకే చెన్నై సైదాపేటలో బస్సు దిగాం, నేనూ మా అత్తయ్యా. ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఆవిడ పెరంబూరులోని మా ఇంటికి వచ్చి నెల రోజులైంది. మేము బాప్టిస్టులం, కొండలకు మొక్కుకునే అలవాటు మాకు లేదు. అయినా యేసు శిష్యుడు తోమా రక్తం చిందిందని చెప్పుకునే పరంగిమల కొండను చూడకుండా ఊరికి వెళ్లనని ఆవిడ పట్టుబట్టారు.

అడయారు ఏటి మీది వంతెన దాటుతూ ఆవిడకు ఉస్కాన్ సంగతి చెప్పాను. కోజా పెట్రస్ ఉస్కాన్ ఆర్మీనియా జాతి వర్తకుడు. ఇక్కడ మొదటి వంతెన 1726లో ఆయన సొంత డబ్బుతో కట్టించిందే. ఇప్పుడున్నది తర్వాత కట్టినది. పరంగిమలకు వెళ్లే భక్తులు ఏరు దాటలేక పడే పాట్లు చూసి ఆ పని తలపెట్టాడంటారు. కొండకు రాతి మెట్లూ ఆయనే వేయించాడు. నన్ను ఆపేసిన సంగతి మరొకటి ఉంది. వంతెన బాగోగుల కోసం ఆయన విడిగా సొమ్ము కేటాయించి వెళ్లాడు.

మా సంఘం మందిరానికి మూడేళ్ల కిందట పైకప్పు వేయించాం. కానుకలు ధారాళంగా వచ్చాయి, స్తోత్రార్పణ కూడిక ఘనంగా జరిగింది. మరమ్మతుకని మాత్రం ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ఇప్పుడు వాన పడితే ఆడవాళ్లు కూర్చునే వైపు కారుతోంది. దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఇచ్చేసి చేతులు దులుపుకోవడమే నమ్మకత్వం అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. నా జీతంలోంచి అది ప్రతి నెలా ఫోనులోనే వెళ్లిపోతుంది, ఇచ్చానన్న గుర్తు కూడా నాకు మిగలదు.

ఇదంతా చెబితే అత్తయ్య నడుస్తూనే అన్నారు: "ఆదామును తోటలో పెట్టింది సేద్యం చేయడానికేనా అమ్మా? దాన్ని కాయడానికి కూడా కదా!"

దారిలోని చిన్నమల గుట్టలో తోమా దాక్కున్నాడని చెప్పే గుహ చూసి, గిండీ మీదుగా పరంగిమల చేరేసరికి ఎండెక్కింది. సగం మెట్లెక్కాక, "కాసేపు కూర్చుందామా అత్తయ్యా?" అన్నాను. ఆవిడ కూర్చుని, పక్కనున్న రాతిని అరచేత్తో తడిమారు. "ఎవరు మోశారో ఈ రాళ్లు" అన్నారు. ఉస్కాన్ పేరు నాకు తెలుసు. రాళ్లు మోసిన కూలీల పేర్లు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అక్కడే ఇద్దరం కళ్లు మూసుకుని, వాళ్ల కోసం దేవునికి స్తోత్రం చెప్పాం.

పైన 1523లో పోర్చుగీసువాళ్లు కట్టిన గుడి. బలిపీఠం మీద 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ ఉంది, దాని చుట్టూ పాతకాలపు పర్షియా లిపి పహ్లవీ అక్షరాలు. అత్తయ్య దాని ముందు చాలాసేపు మౌనంగా నిలబడ్డారు. బయటికి వస్తే మీనంబాక్కం వైపు విమానాలు దిగుతున్నాయి. చెట్టు కింద ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర తిన్నాం. ఆకులు, కాగితాలు, అంతకుముందు ఎవరో వదిలేసిన రెండు నీళ్ల సీసాలు అన్నీ ఆవిడ సంచిలో వేసుకున్నారు. అవి మనవి కావని నేను అనబోయి ఊరుకున్నాను.

వచ్చినప్పటి నుంచీ మా వంటింట్లో ఆవిడదొక డబ్బా ఉంది. పూటపూటా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వేస్తారు, ఆదివారం మందిరానికి పట్టుకెళ్తారు. పల్లెలో వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న అలవాటు అది. నెల రోజులుగా చూస్తున్నా, అది పెద్దవాళ్ల పని అనుకుని నేను చెయ్యి పెట్టలేదు.

ఆ రాత్రి బియ్యం నేను కొలిచాను. గుప్పెడు తీసి డబ్బాలో వేస్తుంటే కొన్ని గింజలు గట్టు మీద జారాయి. అత్తయ్య కళ్లద్దాలు పెట్టుకుని వాటిని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశారు.