కిల్ట్ కట్టుకుని ఉల్లిపాయలకి

స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరాలో పెళ్లికో, రగ్బీ మ్యాచ్‌కో మగాళ్లు కిల్ట్ (మోకాళ్ల దాకా వచ్చే కుచ్చిళ్ల లంగా లాంటిది) కట్టుకోవడం మామూలే. ఉల్లిపాయలు కొనడానికి కట్టుకెళ్తేనే జనం ఆగి పలకరిస్తారు. నిన్న బస్టాప్‌లో ఓ పెద్దాయన నా వెనక కుచ్చిళ్లు పరీక్షగా చూసి, "ఎనిమిది గజాలదేనా?" అన్నాడు. తర్వాత చరిత్ర మొదలుపెట్టాడు. 1746 చట్టం ప్రకారం స్కాట్లాండ్‌లో మగాళ్లు ఇది కడితే ఆరు నెలల జైలట. 1782లో గానీ ఎత్తేయలేదు. బస్సు వెళ్లిపోయింది, పోనీలెండి.

కుర్రాళ్లది మాత్రం ఎప్పుడూ ఒకటే ప్రశ్న: లోపలేముంది? (చెప్పను.)

వీడియో కాల్‌లో అమ్మ టెన్షన్ వేరు: "మోకాళ్లకి చలెయ్యదట్రా?" మందపాటి ఉన్నిగుడ్డమ్మా, గాలితోనే గొడవ అన్నాను. నాన్న అడిగింది జేబుల గురించి. నడుముకి వేలాడే తోలుసంచి, స్పోరన్, చూపించాను. తనకీ ఒకటి పంపమన్నారు, పంచె మీదకి.